స్పర్స్ టీమ్ రివ్యూ: టికెట్ కొనొచ్చు, కప్పు మాట ఇంకో రెండేళ్లాగి అడగండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ మ్యాచ్‌లు డబ్బులు పెట్టి చూడొచ్చా అని ఒకరు, ఈ కుర్రాళ్లు కప్పు కొడతారా అని ఇంకొకరు అడుగుతుంటారు, చాలామంది రెండూ ఒకటే ప్రశ్న అనుకుంటారు గానీ కాదు. మొదటిదానికి నేను ఆలోచించకుండా అవునంటా. రెండోదానికి ఇంకా అవుననలేను, ఎందుకనలేనో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా. 2025-26 సీజన్ మొదలవ్వక ముందు, 2025 వేసవి దాకా జరిగింది చూసి రాసిన మాటలివి.

టికెట్ కొనేది ఎవరి కోసమో దాచక్కర్లేదు, విక్టర్ వెంబన్యామా (వెంబీ) కోసం. ఫ్రాన్స్ కుర్రాడు, 2023 డ్రాఫ్ట్‌లో (టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి పిక్, ఏడడుగుల మూడంగుళాల పైనే ఉంటాడు, మొదటి ఏడాదే ఒక్క ఓటు కూడా పక్కకి పోకుండా రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, కొట్టాడు. 2024-25లో 46 మ్యాచ్‌లే ఆడాడు, వాటిలో మ్యాచ్‌కి సగటున 24.3 పాయింట్లు, 11 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టడం), 3.8 బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని చేత్తో ఆపడం). ఆ బ్లాకుల సంఖ్య చూసి ఆహా అనుకుంటాం గానీ అసలు సంగతి ఆ సంఖ్యలో కనపడదండీ. అవతలి టీమ్ గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) తన డిఫెండర్‌ని దాటేసి రింగ్ వైపు దూసుకొస్తాడు, ఇక లేఅప్ (రింగ్ దగ్గరి నుంచి వేసే షాట్) వేసేస్తాడు అనుకునే టైముకి ఎక్కడో పక్క నుంచి వెంబీ చేతులు చాపుకుని వచ్చేస్తాడు, అంతే, ఆ గార్డ్ ఆగిపోయి బంతిని మళ్లీ బయటికి ఇచ్చేస్తాడు. షాట్ వెయ్యలేదు కాబట్టి బ్లాకూ లేదు, స్టాట్ షీట్లో ఏమీ ఎక్కదు, కానీ ఆ ఎటాక్ అక్కడే చచ్చిపోయింది. టీవీలో కెమెరా బంతి వెంటే తిరుగుద్ది కాబట్టి ఇందులో సగం మనకి కనపడదు. అందుకే స్పర్స్ సొంత హాలు ఫ్రాస్ట్ బ్యాంక్ సెంటర్‌కి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, కింద బెంచీ వెనక రేటెక్కువ సీటు కోసం ఆశపడకండి, పైన మధ్యలో కూర్చోండి, కోర్టు మొత్తం కనపడుద్ది, ఒక్క మనిషి వల్ల ఎదుటి ఐదుగురూ ఎట్లా దారులు మార్చుకుంటున్నారో అక్కడి నుంచే తెలుస్తుంది.

ఈ టీమ్ ఎట్లాంటిదో ఒక్క వారంలో అర్థం కావాలంటే 2025 జనవరిలో పారిస్‌లో ఇండియానా పేసర్స్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లు వరసగా చూడండి. 23న స్పర్స్ 140-110తో ఉతికారేశారు, వెంబీ సొంత దేశం జనం ముందు 30 పాయింట్లు కొట్టాడు, చూసినవాళ్లెవరైనా ఈ టీమ్‌కి ఇక తిరుగులేదు అనుకుంటారు. 25న అదే పేసర్స్, అదే హాలు, 136-98తో స్పర్స్ ఓడిపోయారు. రెండ్రోజుల్లో ఏం మారిందంటే అవతలివాళ్లు మారారు, మనవాళ్లు మారలేకపోయారు. ఆ పేసర్స్ అదే ఏడాది ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్ దాకా వెళ్లారు. సీజన్ తర్వాత వచ్చే ప్లేఆఫ్ అంటే ఇదే కదా, ఒకే టీమ్‌తో వరసగా ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి, మొన్న మనం ఏం చేసి గెలిచామో వాళ్లు రాత్రంతా కూర్చుని చూసుకుని వస్తారు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. కప్పు అవకాశాల గురించి ఎవర్ని కదిపినా వెంబీ ఆరోగ్యం అంటారు. నిజమే, 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డ కట్టిందని తేలి మిగతా సీజన్ మొత్తం ఆపేశారు, మయామీ స్టార్ క్రిస్ బాష్ కెరీర్ రక్తం గడ్డల వల్లే ఆగిపోయింది కాబట్టి ఆ వార్త విన్న రోజు నాకు చాలా భయమేసింది, నిజంగా. కానీ ఇంకో ఎన్‌బీఏ ఆటగాడు బ్రాండన్ ఇంగ్రమ్‌కి 2019లో ఇట్లాంటిదే వస్తే తర్వాతి సీజన్లోనే ఆల్ స్టార్ అయ్యాడు, వెంబీకి కూడా జులైలో డాక్టర్లు ఆడుకోవచ్చని చెప్పేశారు. ఆరోగ్యం మన చేతుల్లో లేనిది, కోచ్ చేతుల్లోనూ లేదు, దాని మీద ఎంత మాట్లాడుకున్నా తేలేదేం లేదు. నాకు దిగులు వేరే చోట ఉంది, గార్డుల షూటింగ్ దగ్గర.

చూడండి, డీఆరన్ ఫాక్స్, స్టెఫాన్ కాజిల్, డిలన్ హార్పర్. ముగ్గురూ గార్డులే, ముగ్గురూ బంతి చేతిలో ఉంటేనే బాగా ఆడతారు, ముగ్గురికీ రింగ్ దాకా దూసుకెళ్లడం ఇష్టం. ఫాక్స్ లీగ్‌లోనే అతి వేగమైనవాళ్లలో ఒకడు, చివరి నిమిషాల్లో ఆడించాల్సినవాడు, మొట్టమొదటి క్లచ్ ప్లేయర్ అవార్డు 2023లో అతనికే వచ్చింది, కానీ 2024-25లో త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడ్డది 31 శాతం దగ్గరే. కాజిల్ ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్, డిఫెన్స్‌లో వదలడు, నాకు ఈ టీమ్‌లో వెంబీ తర్వాత బాగా నచ్చేది అతనే, కానీ త్రీలు 28.5 శాతం. 2025 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా వచ్చిన హార్పర్ కాలేజీలో 33 శాతం. ఇందులో ఏ ఒక్కరినీ తీసిపారెయ్యలేం, ముగ్గుర్నీ కలిపి వెంబీ పక్కన పెడితేనే తంటా.

ఎందుకంటే షూటింగ్ రాని గార్డ్ మూలన నిలబడితే అతన్ని చూసుకోవాల్సినవాడు అతని దగ్గర ఉండడు, వచ్చి పెయింట్‌లో (రింగ్ ముందు గీసిన చోటు) నిలబడతాడు, నువ్వు వేసుకో బాబూ అని వదిలేస్తాడు. అప్పుడు వెంబీ రింగ్ దగ్గరికి వెళ్తే ఇద్దరు ముగ్గురు మీద పడతారు. వెంబీ త్రీలు మరీ ఎక్కువ వేస్తున్నాడని, మ్యాచ్‌కి దాదాపు తొమ్మిది వేస్తున్నాడని, అంత పొడుగు పెట్టుకుని బయట నిలబడటమేంటని తిడతారే, ఆ తిట్టేవాళ్లు లోపల ఖాళీ ఎక్కడుందో కూడా ఒకసారి చూడాలి. హ్యారిసన్ బార్న్స్ 2024-25లో 82 మ్యాచ్‌లూ ఆడి 40 శాతం పైన త్రీలు వేశాడు కాబట్టి ఆ మాత్రం చోటైనా దొరికింది. అందరికీ దారి చూపించి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పి ఆడించిన క్రిస్ పాల్ కూడా 2025 వేసవిలో క్లిప్పర్స్‌కి వెళ్లిపోయాడు.

ఇది నా ఊహ కాదు, పక్క రాష్ట్రంలోనే జరిగింది. ఓక్లహోమా సిటీ థండర్ 2023-24లో 57 గెలిచి వెస్ట్ విభాగంలో మొదటి స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, అందరూ పిల్లలే. రెండో రౌండ్‌లో డల్లాస్ ఏం చేసిందంటే తన సెంటర్‌ని (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడిని) తీసుకెళ్లి, షూటింగ్ సరిగా రాని థండర్ గార్డ్ జాష్ గిడ్డీ మీద పెట్టింది, పేరుకి గిడ్డీ మీద, నిజానికి ఆ సెంటర్ పెయింట్ దాటి రాలేదు. సీజన్ మొత్తం స్టార్టర్‌గా ఆడిన గిడ్డీ ఆ సిరీస్ మధ్యలోనే స్టార్టింగ్ ఐదుగురిలోంచి పోయాడు, థండర్ 4-2తో ఇంటికి పోయారు. ఇక్కడ నాకు నచ్చేది ఆ తర్వాత వాళ్లు చేసిన పని. వాడు మన కుర్రాడు, ఇంకా ఇరవై ఒక్కేళ్లే, నేర్చుకుంటాడులే అని కూర్చోలేదు, ఆ జూన్‌లోనే గిడ్డీని చికాగోకి ఇచ్చి అలెక్స్ కరూసోని తెచ్చుకున్నారు, లోపల బలం కోసం హార్టెన్‌స్టైన్‌ని కొన్నారు, తర్వాతి ఏడాది 68 గెలిచి, పేసర్స్ మీద ఏడు మ్యాచ్‌ల ఫైనల్ నెగ్గి కప్పెత్తారు. స్పర్స్‌కి కూడా ఆ గిడ్డీ రోజు వస్తుంది. ఫాక్సో కాజిలో హార్పరో తెలీదు గానీ ముగ్గురిలో ఒకర్ని వదులుకోవాల్సిన రోజు వస్తుంది, లేదా ఇద్దరైనా షూటింగ్ నేర్చుకోవాలి. ఈ టీమ్ కప్పు టీమ్ అవుద్దా లేదా అనేది నా లెక్కలో ఆ ఒక్క నిర్ణయం మీదే ఉంది.

థండర్ గెలుపుల వరస చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటున్నారు, 22, 24, 40, 57, 68 అని ఐదేళ్లలో మెట్లెక్కినట్టు వెళ్లారు కదా, స్పర్స్ 22, 22, 34 దగ్గరున్నారు కాబట్టి ఇక 50 ఖాయం అంటున్నారు. అట్లా ఏం ఉండదు. న్యూ ఆర్లియన్స్‌లో ఆంథనీ డేవిస్ ఏడేళ్లుండి ఒకే ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలిచాడు, అంత గొప్ప ఆటగాడు. యానిస్, యోకిచ్ లాంటి పెద్ద స్టార్లు ఇద్దరికీ కప్పు వచ్చింది ఎనిమిదో సీజన్లో. అదే థండర్ 2012లో డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్‌తో ఫైనల్‌కి వెళ్లి మయామీ చేతిలో ఓడిపోతే అందరూ ఇంకో పదేళ్లు వీళ్లదే అన్నారు, నాలుగు నెలలకే డబ్బు దగ్గర తేడా వచ్చి హార్డెన్‌ని అమ్మేశారు, డ్యురాంట్ ఉన్నన్నాళ్లూ మళ్లీ ఫైనల్ మొహం చూడలేదు. మరి టిమ్ డంకన్ రెండో ఏడాదే కప్పు కొట్టాడుగా, అదీ ఇదే స్పర్స్‌లో అంటారా, పక్కన డేవిడ్ రాబిన్సన్ ఉన్నాడండీ, అప్పటికే ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) తీసుకున్న మనిషి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, కొంచెం బోరు కొట్టినా సరే. వెంబీ రూకీ కాంట్రాక్ట్ 2026-27తో అయిపోద్ది, 2027-28 నుంచి అతనికి ఇవ్వగలిగినంత గరిష్ఠం ఇవ్వాల్సిందే, ఇంకో మాట లేదు. ఫాక్స్‌కి 2025 ఆగస్టులోనే నాలుగేళ్లకి సుమారు 22.9 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చారు, అది 2026-27లో మొదలవుద్ది. ఆ తర్వాత కాజిల్ వంతు, ఆ తర్వాత హార్పర్. కొత్త రూల్స్ ప్రకారం సెకండ్ ఏప్రన్ (టీమ్ జీతాల మొత్తానికి గీసిన పై గీత) దాటితే ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే ట్రేడ్ కుదరదు, మిడ్ లెవెల్ మినహాయింపూ (జీతాల పరిమితి దాటినా ఆటగాడిని తీసుకునే వీలు) పోద్ది. అంటే వెంబీ చవకగా దొరికేది 2025-26, 2026-27 రెండు సీజన్లే, టీమ్‌ని సరిచేసుకోవాల్సింది ఈ రెండేళ్లలోనే. దానికి సరుకు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, అట్లాంటా 2027 డ్రాఫ్ట్ ఫస్ట్ రౌండ్ పిక్ వీళ్లదే, మిన్నెసోటా 2031ది కూడా వీళ్లదే, రెండిటికీ ఏ షరతులూ లేవు. ఇవి పట్టుకుని మంచి షూటింగ్ వింగ్ (కోర్టు పక్కల్లో ఆడే ఆటగాడు) ఒకర్ని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. దాచుకుంటూ పోతారేమో అన్నదే నాకు అనుమానం, 2026 లోపు కనీసం ఒకటైనా వాడాలి అని నా గట్టి అభిప్రాయం.

కోచ్ గురించి ఎక్కువ రాయను. గ్రెగ్ పోపోవిచ్ 1996 నుంచి ఉండి ఐదు కప్పులు తెచ్చిన మనిషి, 2024 నవంబర్లో స్ట్రోక్ వచ్చింది, 2025 మేలో కోచింగ్ వదిలేశారు, ఆయన లేని బెంచీ చూడటం కష్టంగానే ఉంటుంది. ఆయన తర్వాత కోచ్ అయిన మిచ్ జాన్సన్‌కి 2025 వేసవి దాకా సొంతంగా ఒక పూర్తి సీజన్ దొరకలేదు, 2024-25 మధ్యలో చేతికొచ్చింది, దాన్ని బట్టి మార్కులెయ్యడం అన్యాయం. 2025 వేసవిలో బాస్టన్ నుంచి సెంటర్ ల్యూక్ కోర్నెట్‌ని తెచ్చారు, ఇది మాత్రం చాలా మంచి పని, వెంబీ బెంచీకి వెళ్లినప్పుడల్లా రింగ్ దగ్గర ఖాళీ గేటులా ఉండేది, ఇక ఉండదు.

టెక్సస్‌లో ఉండేవాళ్లకి ఒక ముఖ్యమైన విషయం. శాన్ ఆంటోనియో, ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటే స్పర్స్ కోసం లీగ్ పాస్ (ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో చూసే చందా) కొనకండి, అమెరికాలో లోకల్ టీమ్ మ్యాచ్‌లు అందులో లైవ్‌గా రావు, కొన్నాక గొడవపెట్టుకుని లాభం లేదు. ఆస్టిన్‌లో ఉన్నవాళ్లకి మూడీ సెంటర్‌లో కూడా ఏటా ఒకటీ రెండూ మ్యాచ్‌లు పెడుతున్నారు, పిల్లల్ని తీసుకెళ్లడానికి అది హాయి. దూరాన ఉన్నవాళ్లు లీగ్ పాస్ తీసుకుంటే ఈ టీమ్ ఒక్కదానికే డబ్బులు గిట్టుతాయి అంటా నేను.

నా రేటింగ్, చూసే ఆనందానికి ఐదుకి నాలుగున్నర. 2026లో కప్పు కొట్టే అవకాశానికి ఐదుకి రెండు, 2025 దాకా వరసగా ఆరు సీజన్లు ప్లేఆఫ్స్ మొహమే చూడని టీమ్‌కి ముందు ఒక సిరీస్ ఆడి రావాల్సిన పనుంది. 2027కి మూడు, షూటర్‌ని తెచ్చుకుంటే మూడున్నర.

2025-26 సీజన్ మొదలయ్యాక మొదటి పాతిక మ్యాచ్‌ల్లో స్కోరు కన్నా ముందు ఒకటి గమనించండి, కాజిల్ మూలన నిలబడ్డప్పుడు అతని డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడు అని. వాడు చెయ్యి చాపితే అందేంత దగ్గరికొచ్చి నిలబడటం మొదలైతే నా రేటింగ్‌లో కప్పు మార్కులు అప్పుడే పెంచేస్తా, డిసెంబర్ దాకా కూడా ఆగను.