పాప్ రివెట్లు, చేతి రివెటర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

హనుమకొండలో కూలర్ డబ్బాలు, అల్యూమినియం కిటికీలు, రేకు తలుపులు బిగించే పనిలో పాప్ రివెట్లను, వాటిని బిగించే పటకారు రకం చేతి రివెటర్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. సన్నని రేకును రేకుతో కలపడానికి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి నాకు కనిపించలేదు. అయితే రివెట్ వేయడంపై చూపే శ్రద్ధలో సగమైనా దాన్ని తీయడంపై ఎవరూ చూపడం లేదు.

పాప్ రివెట్ అంటే లోపల బోలుగా ఉండే చిన్న గొట్టం, దాని నడుమ ఒక మేకు. రివెటర్ ఆ మేకును వెనక్కి లాగినప్పుడు మేకు తల గొట్టం అవతలి కొనను ఉబ్బించి, రేకులను బిగిస్తుంది, ఆ తర్వాత మేకు తెగిపోతుంది. అవతలి వైపు చేయి పెట్టాల్సిన అవసరం లేకపోవడమే దీని గొప్పతనం. సన్నని జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకుపై వెల్డింగ్ చేస్తే జింకు పూత కాలిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. స్క్రూ వేస్తే ఫ్యాన్ అదురుకు కొన్నాళ్లకు వదులవుతుంది.

బిగింపు బలం చేతి బలం మీద కాక రంధ్రం మీద ఆధారపడి ఉంటుంది. 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు 3.3, 4 మిల్లీమీటర్ల దానికి 4.1, 4.8 దానికి 4.9 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. రంధ్రం అంతకంటే పెద్దదైతే రివెట్ పక్కకు ఒరిగి, చూడటానికి బిగిసినట్టున్నా పట్టు ఉండదు. రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసమంత, లేదా దానికి ఒకటిన్నర రెట్ల వరకు కలిపి పొడవు ఎంచుకోవాలి. పెట్టె మీద పట్టు పరిధి, అంటే ఆ రివెట్ బిగించగల రేకుల మందం, ముద్రించి ఉంటే దానినే అనుసరించడం మేలు. రంధ్రం అంచున మిగిలిన ముళ్లను గీకి, రేకుల మధ్య సందు లేకుండా క్లాంపుతో అదిమి పట్టకపోతే గొట్టం ఆ సందులోనే ఉబ్బుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుకు అల్యూమినియం రివెట్ వేయకూడదు. తడి తగిలే చోట రివెట్ త్వరగా తుప్పు పట్టి అరిగిపోతుంది. నీటి తొట్టికైతే మామూలు రివెట్ నడుమ నుంచి నీరు కారుతుంది కాబట్టి కొన మూసి ఉన్న రకం వాడాలి. ప్లాస్టిక్ వంటి మెత్తని వస్తువుకు అవతల వాషర్ అవసరం. మోటారు బిగింపుకు, బరువు వేలాడే చోట్లకు నేను రివెట్‌ను నమ్మను. అక్కడ నట్టు బోల్టే ఉండాలి.

ఇక తీయడం. మన ప్రాంతపు ఎండలకు కూలర్లు నెలల తరబడి నీళ్లతో నడుస్తాయి కాబట్టి అడుగు తొట్టె ముందుగా తుప్పు పడుతుంది. పై డబ్బా మాత్రం ఇంకా గట్టిగా ఉంటుంది. రివెట్లను సరిగా తీస్తే పాత రంధ్రాల్లోనే కొత్త తొట్టె బిగించవచ్చు. చాలామంది ఉలి పెట్టి సుత్తితో కొట్టి తల లేపేస్తారు. దాంతో రంధ్రం చీలిపోయి, ఆ రేకు మళ్లీ పనికిరాకుండా పోతుంది. ముందుగా సన్నని పంచ్‌తో రివెట్ మధ్యలో మిగిలిన మేకు ముక్కను లోపలికి కొట్టాలి, ఎందుకంటే ఆ ఉక్కు ముక్క ఉన్నంతసేపు డ్రిల్ బిట్ పక్కకు జారుతుంది. తర్వాత రివెట్ వ్యాసమంతే ఉన్న బిట్‌తో, తక్కువ వేగంతో, తల ఊడి బిట్‌పైకి ఎక్కేంతవరకే తొలిచి, మిగిలిన గొట్టాన్ని పంచ్‌తో అవతలికి నెట్టాలి. బిట్‌తో పాటు రివెట్ కూడా తిరుగుతుంటే తల అంచు కింద సన్నని ఉలి మొనను ఆనించి పట్టుకుంటే ఆగుతుంది. అప్పటికే 3.2 మిల్లీమీటర్ల రివెట్ రంధ్రం పెద్దదై ఉంటే, చుట్టూ తగినంత రేకు ఉన్నప్పుడు 4.1 మిల్లీమీటర్లకు తొలిచి 4 మిల్లీమీటర్ల రివెట్ వేయవచ్చు. లోపల పడిన ముక్కలను మోటారు దరిదాపుల్లో వదలకుండా ఏరివేయాలి. తొలిచేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

పటకారు రకం రివెటర్ 3.2, 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రివెట్లకు చక్కగా సరిపోతుంది. 4.8 ఉక్కు రివెట్లను దానితో వరుసగా వేస్తే మణికట్టు నొప్పి పెడుతుంది. అలాంటి పని తరచుగా ఉన్నవారు రెండు చేతులతో నొక్కే పొడవు పిడుల రకం కొనుక్కోవడం మంచిది. మేకు మందానికి తగినట్టు రివెటర్ ముక్కును (మేకు దూరే ముందరి భాగాన్ని) మార్చుకోవడం మరవకూడదు. రివెటర్ మేకును పట్టకుండా జారిపోతుంటే, దాన్ని పారేయడానికి ముందు ముందుభాగం విప్పి, లోపలి దవడల్లో పేరుకున్న లోహపు పొడిని కిరోసిన్‌తో కడిగి, ఒక చుక్క నూనె వేసి చూడాలి. దవడల పళ్లు అరిగిపోయి ఉంటే మాత్రం ఎంత కడిగినా ఫలితం ఉండదు. విడి దవడలు దొరికే రకాన్నే కొనమని అడిగినవారందరికీ నేను చెబుతాను.