ఎల్లోస్టోన్ దారిలో కోడీకి ఒక పూట

అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి ప్లాన్ వేసుకునే మనవాళ్లలో చాలామందికి వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ అంటే రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరే ఊరు. పార్కు తూర్పు గేటు అక్కడికి 50 మైళ్ల పైచిలుకు. ఆ ఊళ్లోని బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్‌లో ఒకే కప్పు కింద 5 మ్యూజియంలున్నాయి. అన్నీ చూద్దామనుకుంటే కాళ్లు పడిపోతాయి. తుపాకుల మ్యూజియం జోలికి మేం పోలేదు.

విట్నీ చిత్రకళా విభాగంలో థామస్ మోరన్ 1893లో వేసిన ‘గోల్డెన్ గేట్’ ఉంది. పార్కులో మామత్ హాట్ స్ప్రింగ్స్ దాటాక పసుపుపచ్చ కొండ అంచునే కారు పోతుందే, ఆ మలుపే. ముందు రోజు ట్రాఫిక్ గొడవలో పట్టించుకోని రాళ్లని ఇక్కడ తీరిగ్గా చూశాం. మోరన్ 1871లో సర్వే బృందంతో వెళ్లి గీసిన బొమ్మలకి, మరుసటి ఏడాది ఆ పార్కు ఏర్పడటంలో పాత్ర ఉంది.

టైమంతా తినేసింది మాత్రం అక్కడి మైదానాల ఆదివాసుల మీద పెట్టిన ప్లెయిన్స్ ఇండియన్ మ్యూజియంలోని పూసల పనే. వెలుతురు తక్కువ, కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. లకోటా తెగవాళ్లు దారానికి కొన్ని పూసలెక్కించి రెండు కొసల దగ్గరే తోలుకి కుడతారు, అందుకే ఒక్కో వరస కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. క్రో తెగవాళ్లు మధ్యమధ్యలో ఇంకో దారంతో అణిచి కుడతారు, వేలు జారిపోయేంత నున్నగా కనిపిస్తుంది. లేత నీలం, లేత గులాబీ వాళ్లకి ఇష్టం. మగ్గం వర్క్ జాకెట్లు కుట్టించుకున్నవాళ్లు అద్దానికి ముక్కు ఆనించకుండా ఉండలేరు. ఆ గాజు పూసలు వెనిస్, బొహీమియాల నుంచి వర్తకులు తెచ్చినవి. అంతకుముందు ముళ్లపంది ముళ్లని మెత్తబరిచి, రంగులద్ది కుట్టేవాళ్లు.

వేసవిలో మోటెల్ రేట్లు మండిపోతాయి. మేం దిగినచోట ఏసీ రాత్రంతా మోత, కానీ మైక్రోవేవ్ ఆదుకుంది. ఇది స్టేకులు తినే ఊరు, శాకాహారులు పులిహోర పేస్టు వెంట ఉంచుకోండి. మ్యూజియం టికెట్ వరుసగా 2 రోజులు చెల్లుతుంది కాబట్టి సాయంత్రం కొంత, పొద్దున కొంత చూడొచ్చు. శీతాకాలంలో తూర్పు గేటు దారిలో కార్లు వెళ్లనివ్వరు.

ఊళ్లో పూసల చెవిపోగులు కొనేటట్టయితే చేసినవాళ్ల పేరు, తెగ అడగండి. ఆదివాసులు చేయని వస్తువుని వాళ్లు చేసిందని చెప్పి అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. జవాబు చెప్పకుండా నీళ్లు నమిలే షాపుల్లో మేం కొనలేదు.