జేబు నీటిరంగుల పెట్టెతో పక్షులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

పక్షులను ఫొటో చూసి కాకుండా వాటి ఎదుటే కూర్చుని గీయాలనుకునేవారికి నా తీర్పు ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. రంగుల పెట్టె మధ్యరకంది చాలు. పన్నెండు హాఫ్‌పాన్ల (చిన్న గిన్నెల్లో గట్టిపడిన రంగు బిళ్లల) ప్లాస్టిక్ పెట్టె, లోపల నీళ్లు నింపుకొనే వాటర్ బ్రష్, 2బి పెన్సిలు, క్లిప్పు ఉన్న అట్ట, కత్తిరించిన కాగితం ముక్కలు. కొన్నేళ్లుగా హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకూ ఉస్మాన్‌సాగర్ వైపుకూ నా వెంట వస్తున్న సరంజామా ఇంతే. ఈ తరహా పెట్టెలను చాలా కంపెనీలు దాదాపు ఒకే తీరులో చేస్తున్నాయి కాబట్టి పేర్ల జోలికి పోవడం లేదు.

పెట్టె అరచేతిలో ఇముడుతుంది. మూతే రంగులు కలుపుకొనే పళ్లెం. అట్టనూ పెట్టెనూ ఎడమ చేత్తోనే పట్టుకుని కుడి చేత్తో గీయవచ్చు. మెడలో బైనాక్యులర్ వేలాడుతున్నప్పుడు ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది. కొత్తలో మూత మీద రంగు పరచుకోదు, బొట్లుగా విడిపోతుంది. కాస్త టూత్‌పేస్టుతో రుద్ది కడిగితే ఆ నునుపు తగ్గి రంగు నిలుస్తుంది. మూత కీలు వదులైపోయింది, రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాను. వానాకాలంలో మాత్రం తడి ఆరకముందే మూత వేయకండి, రంగుల మీద బూజు పడుతుంది.

పన్నెండు రంగుల్లో నిజంగా అరిగేవి ఐదారే. అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఇటుక గోధుమ రంగు, ఈ రెండూ ఉంటే మన చెరువుల దగ్గర సగం పని జరిగిపోతుంది. నీలం పాలు ఎక్కువైతే తెల్లకొంగ పొట్ట కింది నీడ. గోధుమ పాలు ఎక్కువైతే గోరింక వీపు. రెండూ చిక్కగా కలిస్తే నీటికాకి నలుపు. పెట్టెతో వచ్చే నల్లరంగుతో వేసిన నీటికాకి కాగితానికి పడిన చిల్లులా ఉంటుంది. కలిపి చేసిన నలుపులో నీలం, గోధుమ కొద్దికొద్దిగా విడివిడిగా కనిపిస్తూ ఈకలకు ప్రాణం పోస్తాయి. ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, నిమ్మపసుపు, కాస్త పచ్చఛాయ ఉన్న థాలో నీలం కూడా బాగా పనికొస్తాయి. పసిరిక పిట్ట ఆకుపచ్చ పసుపులోంచీ థాలోలోంచీ పుట్టాల్సిందే, డబ్బాలో దొరికే ఆకుపచ్చ దాని దరిదాపులకు రాదు.

ఎరుపు విషయంలో జాగ్రత్త. అలిజరిన్ క్రిమ్సన్ అనే పాత ఎరుపు వెలుతురుకు వెలిసిపోయే రకం. పాన్ మీద లేదా ట్యూబు మీద రంగుపదార్థం కోడుగా పీఆర్ 83 అని ఉంటే అదే. పీవీ 19 అని రాసి ఉన్న క్వినాక్రిడోన్ గులాబీ చాలా మేలు. ఏ రంగు మీదైనా అనుమానం ఉంటే ఒక పట్టీ వేసి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి వేసవంతా అంటించి ఉంచండి. హైదరాబాద్ ఎండ కంటే నిక్కచ్చి పరీక్షకుడు దొరకడు.

ఇక కాగితం. మొదట్లో అందరూ కొనేది చెక్కగుజ్జుతో చేసిన చవక పుస్తకం. దాని మీద రంగు పైపైనే ఉండిపోతుంది. రెండో పూత వేయబోతే మొదటిది లేచిపోతుంది. మే నెలలో సమస్య ఇంకా ముదురుతుంది. కుంచె పక్కకు జరిగేలోపే అంచు ఆరిపోయి గీత కట్టేస్తుంది. నూరు శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం), కోల్డ్ ప్రెస్ అనే కాస్త గరుకు కాగితం తడిని తనలో పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ ఎండలోనూ ఒక రంగును ఇంకో రంగులోకి జార్చేందుకు వ్యవధి దొరుకుతుంది. ధర ఎక్కువే, కాదనను. అందుకే పుస్తకం కొనను. 56 x 76 సెంటీమీటర్ల పూర్తి షీటు కొని నాలుగు వరుసలుగా అటూ ఇటూ కోస్తే 14 x 19 కొలతతో పదహారు ముక్కలు వస్తాయి. వాటిని గాలి చొరబడని కవరులో సిలికా జెల్ పొట్లంతో దాచాలి. తేమ తగిలితే కాగితానికి పట్టించిన జిగురు పూత దెబ్బతిని, రంగు అక్కడక్కడ మచ్చలుగా లోపలికి ఇంకిపోతుంది. వేసేదాకా ఆ సంగతి కంటికి కనపడదు.

ఈ సరంజామాకు తగిన గురువు గుడ్డికొంగ. గట్టు పక్కన మెడ ముడుచుకుని చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. వీపుకు పలుచటి గోధుమ రంగు ఒక్క పూత, అది ఆరాక మెడ మీది చారలు పొడికుంచె మొనతో. రెక్క అంచున తొంగిచూసే తెలుపును కాగితంగానే వదిలేయాలి. ఎగిరిన క్షణంలో ఆ రెక్కలన్నీ తెల్లగా విచ్చుకుంటాయి, అప్పటిదాకా గోధుమరంగులో ఉన్నది ఇదేనా అనిపిస్తుంది. ఎగిరేటప్పటి ఆకారాన్ని పెన్సిలుతో మాత్రమే పట్టుకుంటాను, రంగు తర్వాత.

పాలపిట్ట కష్టమైనది. కొమ్మ మీద కూర్చున్నప్పుడు చాలావరకు గోధుమరంగే, రెక్క విప్పితేనే ఆ నీలాలు. పైగా ఆ నీలం ఈకలో రంగుపదార్థంగా లేదు, ఈక నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల కనిపిస్తుంది. మబ్బు పట్టినప్పుడూ ఎండలోనూ అది ఒకేలా కనిపించదు. లేత పట్టీకి పలుచని థాలో, ముదురు పట్టీకి అల్ట్రామెరీన్, రెండింటి నడుమ సన్నని పొడి గీత వదలాలి. కలిశాయంటే మెరుపు పోయినట్టే. దసరా నాడు పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్టను దయచేసి గీయకండి. ఆ పిట్టను పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కట్టేసిన రెక్కల్లో నేర్చుకునే భంగిమా ఉండదు.

వాటర్ బ్రష్‌కు పూర్తి మార్కులు వేయలేను. చెరువు గట్టున నీళ్ల గిన్నె మోయనక్కర్లేకపోవడం గొప్ప ఉపకారం. కానీ నైలాన్ వెంట్రుకలు కొన్నాళ్లకు విచ్చుకుపోతాయి, మొన పోతే కన్ను గీయడం అసాధ్యం. సగం నింపి ఎండలో ఉంచితే లోపలి గాలి వ్యాకోచించి నీటిని బయటికి తోస్తుంది, సంచి తడుస్తుంది. నిండా నింపుకోండి. ఆకాశం, నీళ్లు లాంటి పెద్ద పూతలకు ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచె వేరే ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఆ కుంచె, ఒక కాటన్ షీటు కొని, రంగులు ఏ స్నేహితుల పెట్టెలోంచైనా అడిగి వాడుకున్నా నష్టం లేదు.