ఇన్‌స్ట్రీమ్ 7: ఏటి చేపల మోడల్, మన స్వర్ణముఖికి పనికొస్తుందా?

తిరుపతిలో జువాలజీ, ఫిషరీస్ పిల్లలు ప్రాజెక్టు అనగానే ఎక్సెల్ తెరిచి రికర్ సూత్రంలో (తల్లి చేపలు ఎన్నుంటే పిల్లలు ఎన్ని మిగులుతాయో లెక్కగట్టేది) అంకెలేసి గ్రాఫ్ గీసేస్తుంటారు. 1954 నాటి ఆ సూత్రం తప్పేం కాదు, కాకపోతే అందులో ఏట్లో చేపలన్నీ కలిపి ఒకే అంకె. కాలిఫోర్నియాలో పరిశోధకులు స్టీవ్ రెయిల్స్‌బ్యాక్, బ్రెట్ హార్వే వాళ్ళు చేసిన ఇన్‌స్ట్రీమ్ అనే కంప్యూటర్ మోడల్ ఒక్కో చేపనీ విడిగా పెంచుతుంది. ఏటిని గళ్ళుగా విడగొట్టి, ఎక్కడ తిండి దొరుకుతుంది, ఎక్కడుంటే ఇంకోదాని నోట్లో పడకుండా ఉంటాం అని ప్రతి చేపా బేరీజు వేసుకుని చోటు మారుతుంది, పెద్దది ముందు ఎంచుకుంటుంది, మిగిలింది చిన్నవాటికి (పండగ రోజు బస్సులో సీట్ల లాగే). 7వ వెర్షన్‌లో పగలు, రాత్రి, సందెవేళలు కూడా వేరు చేశారు, ఎప్పుడు మేయాలో ఎప్పుడు దాక్కోవాలో కూడా చేపే తేల్చుకుంటుంది. చేపల సంఖ్య ఎంత అన్నది ఈ పాట్లన్నిటి నుంచి దానంతటదే తేలుతుంది, నాకు బాగా నచ్చింది ఇదే.

ఉచితం. ఇలాంటి మోడళ్ళు నడిపే నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, అదీ ఉచితమే. మామూలు లాప్‌టాప్ చాలు, చేపలు వేలల్లోకి పోతే మాత్రం రన్ పెట్టి టీకి వెళ్ళి రావచ్చు.

అసలు తిప్పలు డేటాతో. ప్రవాహం ఎంత, నీళ్ళ వేడి ఎంత, ఎంత బురదగా ఉన్నాయి అన్నది రోజువారీగా ఇవ్వాలి. బురద ఎందుకంటే, కొట్టుకొచ్చే పురుగుని చేప కళ్ళతో చూసి పట్టుకోవాలి కదా. ఇంతవరకూ సరే, ఎంత ప్రవాహానికి ఏ గడిలో ఎంత లోతు, ఎంత వేగం అన్న పట్టికలు కూడా అడుగుతుంది, అవి హెక్-రాస్ లాంటి, నీటి ప్రవాహం లెక్కగట్టే వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసుకుని తెచ్చుకోవాలి. బయాలజీ వాళ్ళు చేతులెత్తేసేది ఇక్కడే.

ఇంకోటి, ఇది చల్లటి నీళ్ళలో బతికే ట్రౌట్, సాల్మన్‌ల కోసం రాసింది. అవి గులకరాళ్ళలో గుంట తవ్వి గుడ్లు పెట్టి వదిలేస్తాయి, వరదకి ఆ గుడ్లు కొట్టుకుపోవడం, నీళ్ళు దిగితే ఎండిపోవడం అన్నీ మోడల్‌లో ఉన్నాయి. మన స్వర్ణముఖిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే. ఇక్కడి కొర్రమీను మడుగులో మిగిలిన కాసిని నీళ్ళలోనూ పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది, పిల్లలకి కాపలా కూడా కాస్తుంది. ట్రౌట్ పారామీటర్లే (ట్రౌట్ కోసం పెట్టిన అంకెలే) ఉంచి కొర్రమీనుకి మోడల్ నడిపి థీసిస్‌లో వేస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. కోడ్ తెరిచే ఉంటుంది కాబట్టి మార్చుకోవచ్చు, ఓపిక ఉండాలి.

ఒక్క రన్ చూసి రాసేయకండి, అదృష్టం పాలు ఉంటుంది, ప్రతిసారీ అంకె మారుతుంది. నెట్‌లోగోలోనే ఉన్న బిహేవియర్‌స్పేస్ అనే సాధనంతో పదేపదే నడిపించండి.

నేర్చుకోవడానికైతే ఐదుకి నాలుగున్నర. ఉన్నదున్నట్టు స్వర్ణముఖికి వాడదామంటే ఒకటిన్నర, అదీ ఉచితం కాబట్టి.