డీవీఆర్ డబ్బానా, క్లౌడా?

తెలివైన దొంగ ఇంటి సీసీ కెమెరాల జోలికి పోడు. టీవీ కింద లైట్లు మిణుకుమనే డీవీఆర్ డబ్బానే, అంటే కెమెరాల వీడియో రికార్డయ్యే పెట్టెనే, చంకన పెట్టుకుపోతాడు, ఫుటేజీ మొత్తం దాంతోనే పోతుంది. వీడియోని నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచే క్లౌడ్‌తో ఆ బెంగ లేదు. కెమెరా పగలగొట్టినా అప్పటిదాకా పైకెక్కిన క్లిప్పులు భద్రం. కానీ నెలనెలా డబ్బు కట్టాలి. కరెంటు పోయి రౌటర్ ఆగితే ఏమీ ఎక్కదు.

డీవీఆర్‌కి నెట్‌తో పని లేదు, రాత్రింబవళ్లు రికార్డు చేస్తుంది. అయితే ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున 4 కెమెరాలకు రోజుకు సుమారు 86 జీబీ ఫుటేజీ. 1 టీబీ డిస్కు 11 రోజుల్లో నిండి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలకు వస్తే మొదటి రోజులవి దొరకవు!

నన్నడిగితే, డబ్బాని గాలి ఆడే తాళం పెట్టెలో అటక మీద పెట్టి, వీధి గుమ్మం కెమెరా ఒక్కదాన్నే క్లౌడ్‌కి కలపడం మేలు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ తప్పనిసరి.