జర్మన్ సైనికుల భోజనం గిన్నెలు కొన్నాను: ఒకటి అసలుది, ఒకటి కాదు

అమలాపురంలో ఇలాంటివి పోగేసేవాళ్లు తక్కువే, అందుకే వివరంగా రాస్తున్నా. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర రెండు తీసుకున్నాను, రెండూ రెండో ప్రపంచ యుద్ధం నాటివే అన్నాడు. మొదటిది మాత్రం అద్భుతం. 1931 మోడల్, అల్యూమినియం, పైనుంచి చూస్తే చిక్కుడు గింజలా వంపు తిరిగి ఉంటుంది, మూతకి మడిచే పిడి ఉంది కాబట్టి అదే కంచం, అదే మూకుడు. తయారీదారు గుర్తు పక్కన 41 అని అచ్చు ఉంది, అంటే 1941లో చేసింది. ఆ అంకెను వేలితో తడిమితే ఒళ్లు జలదరించింది. దీన్లో తిన్న కుర్రాడు ఇంటికి చేరాడో లేదో.

రెండోది తెరిస్తే లోపల ఇంకో గిన్నె! ఆ మూడు ముక్కల రకం యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ సైన్యం వాడింది. అడిగితే సగం డబ్బే వెనక్కి ఇచ్చాడు, చాలా బాధేసింది. డబ్బు కట్టేముందే అచ్చు ఫొటో అడగండి.

యుద్ధం చివర్లో ఉక్కుతో చేసి ఎనామిల్ పూసినవీ వచ్చాయి. ఎనామిల్ ఊడిన చోట మన కోనసీమ తేమకి తుప్పు పట్టేస్తుంది, పొడిగా దాచాలి. చింతపండుతో మాత్రం తోమకండి, పాత రంగు పోతే మళ్లీ రాదు.