కర్క్యుమిన్: కొనాలా, పసుపు నుంచి తీయాలా, ల్యాబ్‌లో చేసుకోవాలా?

సెల్ కల్చర్‌లోకి, అంటే ల్యాబ్‌లో కణాలు పెంచి పరీక్షించే పనిలోకి, కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. నిజామాబాద్ యార్డుకి బస్తాలకు బస్తాలు పసుపు వస్తుంటే, దానికి ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌ని మిల్లీగ్రాముల లెక్కన కొనడం ఏమిటని వాళ్ల బాధ. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మూడు పద్ధతులూ చేసి చూశాక చెబుతున్న మాటలివి.

ముందు ఒక చిన్న లెక్క. కర్క్యుమిన్ అణుభారం 368.4. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో వెల్‌కి 100 మైక్రోలీటర్లు పోస్తే మొత్తం 10 మిల్లీలీటర్ల లోపే. అన్ని వెల్స్‌కీ 10 మైక్రోమోలార్ డోసు ఇచ్చినా ఖర్చయ్యేది 0.037 మిల్లీగ్రాము. అంటే ఒక్క మిల్లీగ్రాముతో పాతిక ప్లేట్లకు పైగా వేయొచ్చు. కాబట్టి మనకు ఎంత పదార్థం దొరుకుతుందన్నది అసలు ఇబ్బందే కాదు. దాంతోపాటు సెల్స్ మీదకి ఇంకేం పోతోందన్నదే చూడాలి.

ఆ లెక్కన చూస్తే పసుపు నుంచి తీయడం అన్నిటికన్నా వెనకబడుతుంది. ఎండు కొమ్ములో కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని దగ్గరి చుట్టాలు) సుమారు 2 నుంచి 5 శాతం. ఎసిటోన్‌తోనో ఇథనాల్‌తోనో తీస్తే చేతికొచ్చేది ముదురు నారింజ రంగు జిగట. అందులో టర్మెరోన్లు అనే పదార్థాలున్న నూనె ఉంటుంది, దానికీ సెల్స్ మీద సొంత ప్రభావం ఉంది. నూనెని హెక్సేన్‌తో కడిగేసినా మూడు అన్నదమ్ములు మిగులుతారు: కర్క్యుమిన్, డీమెథాక్సీ కర్క్యుమిన్, బిస్‌డీమెథాక్సీ కర్క్యుమిన్. వాటిని విడదీయడానికి సిలికా కాలమ్ (పదార్థాలను విడదీసే, సిలికా పొడి నింపిన గొట్టం) ముందు రోజంతా నిలబడాలి. పైగా బజారు పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న రంగు కలిపే కల్తీ ఉంది, కొమ్ములకు పైన కూడా పూస్తారు. సీసం వల్ల సెల్స్ చచ్చిపోతే ఆ ఘనత కర్క్యుమిన్ ఖాతాలో పడుతుంది. పసుపు మొత్తంగా ఏం చేస్తుందన్నదే మీ ప్రశ్న అయితే మాత్రం ఇదే సరైన దారి.

ల్యాబ్‌లో చేసుకోవడం కెమిస్ట్రీ తెలిసిన వాళ్లకి నిజంగా ఆనందం. 1964లో పాబోన్ చూపించిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. రెండు పాళ్లు వెనిలిన్, ఒక పాలు ఎసిటైల్ ఎసిటోన్. మామూలుగా కలిపితే ఎసిటైల్ ఎసిటోన్ మధ్య కార్బన్ తొందరపడి ముందే అతుక్కుంటుంది. బోరిక్ అన్‌హైడ్రైడ్ వేస్తే బోరాన్ ఆ మధ్య భాగాన్ని కట్టిపడేస్తుంది, అప్పుడు రెండు చివర్లూ వెనిలిన్‌తో కలుస్తాయి. బ్యూటైల్ అమీన్‌ని చుక్కచుక్కగా వేస్తుంటే ఫ్లాస్క్ ఎర్రబడుతుంది. ఈ దారిలో గొప్ప లాభం ఒకటుంది. వాడింది వెనిలిన్ ఒక్కటే కాబట్టి ఆ ఇద్దరు తమ్ముళ్లూ పుట్టనే పుట్టరు. కానీ మిగిలిపోయిన వెనిలిన్, ఒక వైపే కలిసిన సగం అణువు, అమీన్, సాల్వెంట్ ఉంటాయి. మళ్లీ స్ఫటికీకరణ చేసి, కరిగే ఉష్ణోగ్రత 183 డిగ్రీల దగ్గర ఉందో లేదో చూసి, ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష), హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి ఏది ఎంతుందో కొలిచే పరీక్ష) తీయకుండా దాన్ని సెల్స్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

అయితే కొనడమే మేలా? చాలామందికి అవును, కానీ కళ్లు తెరిచి కొనాలి. ఒకసారి మాకు వచ్చిన సీసా మీద కర్క్యుమిన్ అనే ఉంది. రెండు నెలలు వాడాం. తర్వాతి బ్యాచ్‌తో అదే డోసుకి సెల్స్ అసలు చావలేదు. టెన్షన్‌తో పాత సీసాలోది టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే పలక) మీద పెట్టి చూస్తే, యూవీ లైటు కూడా అక్కర్లేకుండా మూడు పసుపు చుక్కలు, మెట్ల మీద దీపాలు పెట్టినట్టు ఒకదాని కింద ఒకటి. కొత్త సీసాది ఒక్కటే చుక్క. మార్కెట్లో దొరికే మామూలు కర్క్యుమిన్‌లో సుమారు 77 శాతం కర్క్యుమిన్, 17 శాతం డీమెథాక్సీ, 3 శాతం బిస్‌డీమెథాక్సీ ఉండటం కొత్త సంగతేమీ కాదు. మేమే చూసుకోలేదు. అందుకే సర్టిఫికెట్‌లో స్వచ్ఛత అంకె పక్కన అది ఎలా కొలిచారో చదవండి. యూవీతో కొలిచిన 95 శాతం అంటే మూడూ కలిపి 95, ఎందుకంటే మూడూ దాదాపు ఒకే చోట కాంతిని పీలుస్తాయి. హెచ్‌పీఎల్‌సీతో కొలిచిన అంకె ఉన్న బ్యాచ్‌నే తీసుకోండి, బ్యాచ్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి.

నా ఎంపిక ఇది: కర్క్యుమినే కావాలంటే 98 శాతం పైన ఉన్నది 10 మిల్లీగ్రాములు కొంటాను. వెనిలిన్ బదులు వేరే ఆల్డిహైడ్ పెట్టి మార్కెట్లో లేని అణువు కావాలంటే మాత్రమే ఫ్లాస్క్ పడతాను.

ఏ దారిన తెచ్చుకున్నా ఒక జాగ్రత్త తప్పదు. సీరం (సెల్స్ పెరగడానికి మీడియాలో కలిపే రక్తద్రవం) లేని, పీహెచ్ 7.2 ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర అరగంటలో దాదాపు 90 శాతం కర్క్యుమిన్ విరిగిపోతుంది. 10 శాతం సీరం ఉంటే ఎనిమిది గంటలకు కూడా సగం దాకా నిలుస్తుంది. కాబట్టి డీఎంఎస్ఓ అనే సాల్వెంట్‌లో 10 మిల్లీమోలార్ స్టాక్ చేసి, 20 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి, ఫాయిల్ చుట్టి ఫ్రీజర్‌లో పెడతాను. వాడే రోజు ఒకటే తీసి, మీడియాలో కలిపిన వెంటనే ప్లేట్ మీద వేస్తాను. వెయ్యో వంతు మాత్రమే కలుపుతాను కాబట్టి డీఎంఎస్ఓ 0.1 శాతం దాటదు. కర్క్యుమిన్ వేయని కంట్రోల్ వెల్స్‌కీ అంతే డీఎంఎస్ఓ వేస్తాను.